కుందేలు దూరిన సందు

శని, ఆదివారాలు వచ్చాయంటే శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల దారుల్లో పోయే కార్ల కిటికీల్లోంచి కుక్కల తలలు కనిపిస్తాయి. లాబ్రడార్లు, హస్కీలు, బీగిల్‌లు. వారమంతా అపార్ట్‌మెంటు వరండాల్లో తిరిగిన జీవాన్ని ఫామ్‌హౌస్ ముందు దించి, మెడ బెల్టు విప్పి, ‘ఇక పరిగెత్తుకో’ అని వదిలేయడంలో ఉన్న సంబరం నాకు తెలియనిది కాదు. కానీ బెల్టు విప్పకూడని చోటు ఒకటి చెప్పమంటే నేను పొలమే చెబుతాను. సిటీ రోడ్డు మీద వచ్చే బండికి చప్పుడైనా ఉంటుంది. కంచె తీగకు అదీ లేదు.

ఊళ్లో పుట్టిన కుక్క యజమాని వెనకే గట్టు మీద నడుస్తుంది. ఏ కంచెలో ఎక్కడ దూరాలో దానికి ఎరుకే. సిటీ కుక్కకు ఆ చదువు లేదు. కుందేలు కనబడితే చాలు, ఒకటే పరుగు. కుక్క కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది, కదలకుండా ఉన్నదాన్ని వదిలేస్తుంది. తుప్పు పట్టిన ముళ్ల తీగ వయ్యారిభామ మొక్కల్లో కలిసిపోయి ఉంటుంది. కుందేలు అడుగు తీగ కింద నుంచి సర్రున పోతుంది. వెనకే వచ్చిన ముప్పై కిలోల కుక్కకు రొమ్ము, పొట్ట చీరుకుపోతాయి. బొచ్చు కప్పేయడంతో పైకి చిన్న గాటులాగే కనిపిస్తుంది. లోపల చర్మం కండ నుంచి జేబులా విడిపోయి ఉంటుంది. పసుపు అద్ది ఊరుకుంటే ఈగలు వాలి గుడ్లు పెడతాయి, పురుగులు పడతాయి. కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. నొప్పిలో ఉన్న కుక్క సొంత యజమానిని కూడా కరుస్తుందన్నది మరవొద్దు.

ఈ ముళ్ల తీగకు ఇప్పుడు చలామణిలో ఉన్న రూపం ఇచ్చినవాడు జోసెఫ్ గ్లిడెన్. అమెరికాలోని ఇల్లినాయ్ రైతు, 1874లో పేటెంటు తీసుకున్నాడు. పశువును నొప్పించి నిలబెట్టడమే దాని పని. మన పాత కంచెలూ ముళ్లవే. కానీ తుమ్మ కంప, కిత్తనార, బ్రహ్మజెముడు దూరం నుంచే కంటికి ఆనుతాయి. కుక్క ముక్కు పెట్టి చూసి వెనక్కి తిరుగుతుంది.

సోలార్ ఫెన్సింగ్ గురించి భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే యంత్రం సెకనుకు ఒకసారి చొప్పున, రెప్పపాటులో వందో వంతు కూడా ఉండని దెబ్బ కొడుతుంది. వేల వోల్టులు ఉన్నా అందులోని శక్తి చాలా తక్కువ. రెండు దెబ్బల మధ్య విడిపించుకునే వ్యవధి ఉంటుంది. తడి ముక్కు తగిలిన కుక్క కుయ్యోమని అరిచి, చేతిలోని తాడు లాక్కుని కిలోమీటరు దూరం పారిపోవచ్చు. వెతుక్కోవాలి. అంతే.

ప్రాణం తీసేది మూడోది. దానికి బోర్డు ఉండదు. మక్క చేను చుట్టూ కర్ర పుల్లలు నాటి, మోకాటి కిందికి ఒక జీఐ తీగ లాగి, మోటారు స్టార్టర్ డబ్బా నుంచి నేరుగా కరెంటు ఇస్తారు. అడవి పందికి తగలాలని పెట్టిన ఎత్తే కుక్కకూ తగిలే ఎత్తు. 230 వోల్టుల ఏసీ. ఒంట్లోంచి పది మిల్లీ ఆంపియర్లు పారితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చేయి వదలదు. మోటారు కోసం వేసిన ఫ్యూజుకు ఆ కాస్త కరెంటు లెక్కే కాదు కనుక అది పోదు. మనిషి చెప్పులతోనైనా ఉంటాడు. కుక్కవి తడి మట్టి మీద ఒట్టి కాళ్లు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక రాత్రంతా ఈ తీగ బతికి ఉండటానికి అడ్డేమీ లేకుండా పోయింది. పొద్దుగూకాక పెడతారు, తెల్లవారాక తీస్తారు. కుక్కల్ని తిప్పేవాళ్లు బయల్దేరేదీ ఎండ ముదరకముందు, ఆ మసక వెలుతురులోనే.

కుక్క అరుపు విని పరిగెత్తడంలో రెండో ప్రాణం పోతుంది. గొలుసు ఇనుముదైతే పరిగెత్తే పని కూడా లేదు. ఎండు కర్రతో తోయమని చెబుతుంటారు. వేటగాళ్లు కొన్నిచోట్ల 11 కేవీ లైనుకే కొక్కెం తగిలిస్తారు కాబట్టి నేను ఆ సలహా ఇవ్వను. ఆగాలి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవాలి, 1912కు గానీ ఊరి లైన్‌మన్‌కు గానీ ఫోన్ చేసి కరెంటు ఆపించాలి. ఆలోగా కుక్క పోతుంది. ఆ మాట రాయడం కష్టమే, కానీ ముట్టుకోవద్దు.

కంచె సందుల్లో పెట్టే ఉచ్చులు మరో రకం. బైకు క్లచ్ వైరుతో చేసినది మెడకో కాలికో పడితే, గుంజేకొద్దీ బిగుస్తుంది. కుక్కను కదలకుండా అదిమి పట్టి వదులు చేయాలి, లేదా కట్టింగ్ ప్లేయర్‌తో కత్తిరించాలి. జేబులో ఒకటి ఉంటే మేలు. విడిపించాక బాగానే ఉన్నట్టు కనిపించిన కాలు కొన్నాళ్లకు కుళ్లవచ్చు.

రైతుదే తప్పని తీర్పు చెప్పడం తేలిక. కరెంటు దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. మనిషి చస్తే కేసు ఇంకా పెద్దది. నా ఉద్దేశంలో నేరుగా కరెంటు పెట్టిన తీగ పంటకు కాపలా కానే కాదు. తన తీగకు తానే తగిలి పోయిన రైతుల వార్తలు ఏటా జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. అయితే ఒక్క రాత్రిలో పందుల మంద చేనంతా పడదొక్కిన పొద్దున అతని పక్కన నిలబడినవాళ్లు ఎంతమంది? ఇంకో సంగతి. నక్షలో ఉన్న బండ్ల బాటల్ని రాతి కడీలు, ముళ్ల తీగలతో మూసేసింది చాలాచోట్ల మన ఫామ్‌హౌస్‌ల వాళ్లే. బాట పోయాక నడిచేవాడికి మిగిలింది పొలం గట్టు. తీగ ఉండేదీ ఆ గట్టు మీదే.

కాబట్టి తాడు చేతిలో ఉండాలి, అది ఇనుముది కాకూడదు, బాగా తెల్లవారాక బయల్దేరాలి. వీటికన్నా పనికొచ్చేది పక్క చేను వాళ్లతో మాటల వరస. తీగ పెడుతున్నానని ఏ రైతూ బహిరంగంగా ఒప్పుకోడు. కానీ పాలు పోసే ఆమె, గొర్ల కాపరి, ఫామ్‌హౌస్ వాచ్‌మన్ ‘అటు దిక్కు పోకండి సార్’ అని చెప్పగలరు. హద్దు రాళ్ల దగ్గర తగాదా పడి, బాటకు తాళం వేసుకున్నవాడికి ఆ మాట ఎవరు చెబుతారు?