బాలబాలికలకు మాంత్రికుల కథలు తగునా?

ఉపాధ్యాయ మిత్రులు నలుగురు కలిసిన చోట తరచుగా ఒక ప్రశ్న వినవచ్చుచుండును. పదేండ్ల పిల్లలచేత మాంత్రికులు, రాకాసులు, మాయాద్వీపములు గల సాహసకథలను చదివించుట మంచిదా, కాదా? కాదని చెప్పువారే ఎక్కువ. ఒకప్పుడు నేనును వారిలో ఒకడనే. కళాశాలకు రాకముందు కొన్నాళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పితిని. ఆరవ తరగతిలో ఒక బాలుడుండెను. పాఠము చదువుమన్న తడబడువాడు. ఒకనాడు బల్ల క్రింద పుస్తకము దాచుకొని, నేను ప్రక్కకు వచ్చి నిలిచినను తెలియనంతగా చదువుకొనుచుండెను. అది మాంత్రికుల కథ. లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. సంవత్సరాంతమున తిరిగి ఇయ్యబోగా, "అక్కరలేదు మాస్టారూ" అని వెళ్లిపోయెను. పాఠమునందు తడబడువాడు ఆ పుస్తకమును అంత తన్మయుడై ఎట్లు చదువగలిగెనను ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. తోచిన పిమ్మట నా అభిప్రాయము మారినది.

ఈ కథలపై మోపబడు నేరములు ముఖ్యముగా మూడు. మూఢనమ్మకములను పెంచుననునది మొదటిది. భయము పుట్టించుననునది రెండవది. చదువునకు వినియోగింపవలసిన కాలమును హరించుననునది మూడవది.

మొదటి దానిని విచారింతము. మన కథలలో మంత్రము ఎవరి పక్షమున నున్నదో గమనింపుడు. బాలనాగమ్మ కథ బుర్రకథగా ఊరూర వినిపించినది. 1942లో చలనచిత్రముగాను వచ్చినది. అందలి మాంత్రికుడు మహాశక్తిమంతుడే. కాని వాని ప్రాణము ఏడు సముద్రముల కావల నొక చిలుకలో నున్నది. ఆ రహస్యమును చెరలోనున్న బాలనాగమ్మయే వాని నోట రాబట్టును. ఆమె కుమారుడు పోయి చిలుకను పట్టును. మంత్రము మాంత్రికునిది, గెలుపు తెలివికి, ధైర్యమునకు. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమునందును ఇంతే. తోట రాముడు తనను బలి ఇయ్యదలచిన మాంత్రికునే బలి ఇచ్చి భైరవి ప్రతిమను సాధించును. అయినను ఆ ప్రతిమ చేజారినంతనే, దానివలన కలిగిన భాగ్యమంతయు చేజారును. తిరిగి తెచ్చునది స్నేహితుడైన అంజి తోడ్పాటును, ఉపాయమును. ఇట్టి కథ విన్న పిల్లవాడు మంత్రగాండ్రకు మ్రొక్కునా? ఎంతటి మంత్రగానికైనను ఒక మర్మస్థానముండును, వెదకిన దొరకును అను ధైర్యమునే పొందును.

ఈ మాటకు మరియొక గట్టి సాక్ష్యము కలదు. 1947 జూలైలో ప్రారంభమైన చందమామలో, 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము మున్నగు ధారావాహికలు వెలువడినవి. చిత్రాగారి బొమ్మలతో నెలనెల వచ్చెడి ఆ భాగములకై ఇంటిల్లిపాదియు ఎదురు చూచెడివారు. మా తరమువారము అవి మరల అచ్చయినపుడు చదివితిమి. వ్రాసినవారి పేరు మాత్రము పుటపై నుండెడిది కాదు. వారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దికి పైగా అచటనే పనిచేసి, 2010లో గతించిరి. అంతమంది మాంత్రికులను సృష్టించిన ఆ రచయిత స్వయముగా హేతువాది! శిథిలాలయమున శబర యువకుడు శిఖిముఖియు, క్షత్రియ యువకుడు విక్రమకేసరియు సరిసమానులై అడవులు దాటుదురు. ఆపదలో చేయి విడువకుండుటయే వారి మైత్రికి కొలత. నీతిపాఠమున పుటలకొలది చెప్పినను నాటుకొనని మాట ఇందు చెప్పకయే నాటుకొనును.

ఇక భయము. ఇది పిల్లలకు కథలవలన క్రొత్తగా కలుగునది కాదు. చీకటి గదిని, పరీక్షను, పెద్దల కోపమును వారెరుగుదురు. కథలోని భయమునకు ఒక హద్దు కలదు. పుస్తకము మూసిన ఆగును, తెరచిన సాగును. కథానాయకుడు గుహలో ప్రవేశించినపుడు పిల్లవాడును వెంట ప్రవేశించి, వానితోపాటే బయటికి వచ్చును. భయపడుచునే ముందుకు నడచుటను ఇంతకంటె క్షేమముగా నేర్చుకొను తావు వేరొకటి ఉన్నదని నేననుకొనను.

మూడవ నేరము కాలహరణము. తెలుగు చెప్పువాడను గనుక దీనికి నేను గట్టిగా బదులు చెప్పవలసియున్నది. తొమ్మిది మొదలు పదమూడేండ్ల వరకు గల వయస్సు పఠనమునకు కీలకమైనది. అక్షరములను కూడబలుకుకొను దశ దాటినది. నవలను, కావ్యమును అందుకొను దశ ఇంకను రాలేదు. కాకి, నక్క గల చిన్న కథ ఒక్క పుటలో ముగియును. అది ఈ వయస్సునకు చాలదు. పదుల కొలది పుటలను విడువక చదువు ఓపిక ఇప్పుడే కుదురవలెను. "తరువాత ఏమైనది?" అను ఆతురతకు మించి ఆ ఓపికను నేర్పు గురువు లేడు. పదసంపదయు ఇట్లే అలవడును. శిథిలము, దుర్గము, ఖడ్గము అను మాటలు నాకు నిఘంటువు వలన వచ్చినవి కావు. భల్లూక మాంత్రికుడను ధారావాహికను చదువుచుండగనే భల్లూకమనగా ఎలుగుబంటి యని తెలిసినది. పిదప ప్రబంధమున ఆ మాట ఎదురైనపుడు పాత చుట్టము కనబడినట్లయినది. మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుని వెంట నడచు గోపకుమారుడు మజిలీ మజిలీకి ఒక వింతను గూర్చి అడుగును. బదులుగా కథ వచ్చును. కథ చెప్పుదునన్న మాటపైననే ఆ పిల్లవాడు కాశీకి బయలుదేరినాడు. మన పూర్వులకు పిల్లల సంగతి బాగుగ తెలియును.

అట్లని ఈ కథలన్నియు దోషరహితములని నేననను. పెక్కింట బాలిక చెరలోనుండి ఎదురుచూచుటకే పుట్టినట్లుండును. కురూపియైనవాడే దుష్టుడనుట కొన్నిట కలదు. శ్రమలేక మంత్రముతోనే చిక్కులన్నియు విడిపోవు కథ చప్పనిది మాత్రమే కాదు, పిల్లలను మోసగించునది కూడ. కాని ఈ లోపములను దిద్దవలసినది మంచి రచన, నిషేధము దిద్దజాలదు. బాలనాగమ్మ యుక్తిని మెచ్చిన జాతికి, ఏడు సముద్రములను తానే దాటు బాలికను కల్పించుటకు అడ్డేమి?

నేటి స్థితి మాత్రము విచారకరము. చందమామ ఆగిపోయి పదేండ్లు దాటినది. పాత ధారావాహికలు కొన్ని పుస్తకములుగా వచ్చుట సంతోషమే. క్రొత్తవి మాత్రము అరుదు. చదువుటయందు ఆసక్తిగల పిల్లలు 1997లో ఆంగ్లమున మొదలైన హారీ పాటర్ కథలను వెదకుకొని పోవుచున్నారు. అది తప్పు కాదు, అవి చదువదగినవే. కాని అద్భుతమంతయు ఆంగ్లమున నుండి, తెలుగున పరీక్ష మాత్రమే మిగిలినచో, మన భాష పిల్లలకు మార్కుల భాషయే యగును. మార్కులు వచ్చిన మరునాడు దానితో వారికి పనియుండదు. నాకు గల భయము ఇది. మాంత్రికుల భయము కాదు.

ఉపాధ్యాయ సోదరీసోదరులకు నా మనవి చిన్నది. వారమునకొక గంట ఇట్టి కథ నొకదానిని తరగతిలో బిగ్గరగా చదువుడు. కథానాయకుడు ఆపదలో పడినచోట పుస్తకము మూయుడు. ప్రశ్నలడుగకుడు, నీతి చెప్పకుడు. తరువాతి భాగమును పిల్లలనే వ్రాసి తెమ్మనుడు. విద్యార్థులారా, మీరును వ్రాయుడు. మీ ఊరి కొండయు, చెరువును, పాడుపడిన కోటయు మీ కథలకై కాచుకొనియున్నవి.

ఆ బాలునికి ఆనాడు నేను చేసిన అపచారమును ఇప్పుడు దిద్దుకొనలేను. పుస్తకము నొక సంవత్సరము బీరువాలో నుంచితిని. ఆలోపల వాని ఆసక్తి చల్లారిపోయినది. కథ లేనిదే గోపకుమారుడు కాశీకి నడువలేదు. మన పిల్లలును కథ లేనిదే కావ్యము వరకు నడువరు.