మంచులో పరుగుల కారు

జగ్గయ్యపేట నుంచి ఒక అమ్మాయి అడిగింది: "షికాగోలో మా అన్నయ్య రోజూ స్పోర్ట్సు కారులోనే పనికి వెళతాడు. మంచు కురిస్తే అది జారదా, మాస్టారూ?"

జారుతుందమ్మా! నందిగామ రేగడి బురదలో ఎడ్లకెంత బలమున్నా, గిట్టలు జారితే బండి కదలదు గదా! కారుకూ అంతే. ఇంజనుకు బలమున్నా టైర్లకు పట్టు ఉండాలి. అటువంటి కార్లకు తరచు వేసే వేసవి టైర్ల రబ్బరు, చలి దాదాపు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే గట్టిపడి పట్టు తగ్గుతుంది. చలికాలపు టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుంది. వాటి సన్నని గాట్లు మంచును పట్టుకుంటాయి. వాటిని నాలుగు చక్రాలకూ వేయించాలి.

అయినా మంచు ఎత్తుగా పేరుకుంటే, నేలకు దగ్గరగా ఉండే ఆ కారు అడుగు మంచుకు ఆనుతుంది. చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఆ రోజున కారు ఇంటివద్దనే ఉంచి, రైల్లో వెళ్ళమని అన్నయ్యకు వ్రాయి.