పరీక్షకు పడిగాపులు

గర్భిణికి 18వ వారము ఎన్నడు వచ్చునో తెలిసికొనుటకు జ్యోతిష్కుని అడుగనక్కరలేదు. ఉపకేంద్రములోని నర్సమ్మ పేరు నమోదు చేసిననాడే కానుపు తేదీ కార్డుపై వ్రాయుచున్నది. శిశువు అవయవములు సరిగా నేర్పడినవో లేదో చూచు స్కానింగు 18, 20 వారముల నడుమ జరుగవలెనని వైద్యులే చెప్పుచున్నారు. నెలల ముందుగా తెలిసిన దినమునకు సైతము ప్రభుత్వ వైద్యశాలల ముంగిట చీటీ పట్టుకొని పడిగాపులు కాయవలసి వచ్చుట కేమి కారణము చెప్పుదురు?

సారంగపాణి పదములకు పుట్టినిల్లయిన కార్వేటినగరమును తలచుకొందము. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా యైనప్పుడు ఈ యూరు చిత్తూరు జిల్లాలోనే నిలిచినది. కాని రోగము జిల్లా సరిహద్దుల నెరుగదు. మామిడితోటలలో కూలికి పోవు నిల్లాలు బస్సెక్కి పుత్తూరు మీదుగా తిరుపతికి పోవలెను, లేదా చిత్తూరు దారి పట్టవలెను. వెంట భర్తయో అత్తయో ఉండక తప్పదు. ఇద్దరి కూలి పోయినది. తీరా పోయిన తరువాత “ఈనాడు కాదు, వచ్చే వారము రమ్మా” యన్న మాట! రెండవమారు ఛార్జీలు పెట్టుకొనుటకంటె అప్పు చేసి ప్రైవేటు కేంద్రమునకు పోవుటే మేలని యామె తలచినచో తప్పెవరిది? ఏ యొక్క ఆసుపత్రినో వేలెత్తి చూపుట మా యుద్దేశము గాదు; ఏర్పాటే యిట్లున్నదని మా మొర.

ఆ దారిలోనే పుత్తూరు కట్టు కట్టువారున్నారు. విరిగిన యెముకతో దూరదేశములనుండి వచ్చినవారికి సైతము వచ్చిననాడే కట్టు కట్టి పంపుదురు. ఆ వైద్యము శాస్త్రసమ్మతమా కాదా యను వాదము వేరు. జనులచటికి ఏల పోవుచున్నారో మన యధికారులు ఒక్కమారైన ఆలోచించిరా?

ఆలస్యము వలన పోవునది కూలి మాత్రమే కాదు. 2021లో సవరింపబడిన గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము, శిశువునకు తీవ్రమైన లోపమున్నదని తేలినప్పుడు 24 వారములలోపల ఇద్దరు వైద్యుల యభిప్రాయము చాలును. ఆ గడువు దాటెనా, వైద్యమండలి యెదుట నిలువవలెను. వరుసలో జారిపోయిన ఒక్కొక్క వారము ఆ తల్లికున్న అవకాశమునుండి కోసివేసిన వారమే.

యంత్రములు చాలవనుట పాత పాట. కొంత నిజమే. కాని సీటీ చిత్రమును తంతి మీద పంపి దూరముననున్న నిపుణునిచే చదివింపవచ్చును. 2015లో కేంద్రము ప్రారంభించిన ఉచిత పరీక్షల పథకమునం దీ యేర్పాటున్నది. గర్భిణి స్కానింగున కట్లు వీలు లేదు. చూచు కన్ను, పట్టు చేయి ఒకే చోట నుండవలెను. కావున ఇచట కొరత యంత్రమునకంటె మనిషిది. 2014 నియమములు ఎం.బి.బి.ఎస్. వైద్యులకు ఆరునెలల శిక్షణ నిచ్చి స్కానింగు చేయుటకు దారి చూపినవి. సాధారణమైన స్కానింగులు వారి కప్పగించి, సూక్ష్మ పరీక్షలను నిపుణులకు విడిచినచో వరుస సగము కరగదా? ఆడపిల్లలను కడుపులోనే చంపు పాపమును ఆపుటకు 1994లో వచ్చిన చట్టమును సడలింపుమని మేము కోరుట లేదు. చట్టమున కడ్డము రాకయే ఈ పని సాగును.

2016 నుండి ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. మంచిదే. కాని నెలలో ఒక్కనాడు ఊరూరివారందరు ఒక్క వాకిట చేరినచో ఆ యంత్రమేమి చేయును, ఆ వైద్యుడేమి చేయును? నర్సమ్మ పేరు వ్రాసిననాడే, ఆ ప్రాథమిక కేంద్రము నుండియే, 18వ వారమునకు దినము, గంట నిర్ణయించి కార్డుపై వ్రాయింపవలెను. మధ్యాహ్నము, సాయంకాలము కూడ యంత్రము నడువవలెను. ఏ పరీక్ష కెన్ని దినములు పట్టుచున్నదో వాకిట బల్లపై వ్రాయవలెను, దాచుట కేమున్నది?

వచ్చు శాసనసభా సమావేశములలో చిత్తూరు, తిరుపతి జిల్లాల సభ్యులు లేచి మంత్రిగారి నీ యొక్క ప్రశ్న యడుగుదురు గాక: గడచిన యేడు 18, 20 వారముల నడుమ పరీక్ష కావలసిన స్త్రీలెందరు? ఆ వారములలోనే అయినది యెందరికి?