హెరాల్డ్‌ను బొమ్మ చేయకండి

మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను మనవాళ్లు వెతికి మరీ కొంటున్నారు. సంతోషమే. కానీ రంగుకు పోసే డబ్బులో సగమైనా అడుగున పెడుతున్నారా? ఈ బండి బలమంతా చాసిస్‌దే. దాన్నే పొట్టి చేసి ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తయారుచేశారు. సముద్రపు గాలికి అది తుప్పు పడితే పైమెరుగు దేనికి? కొనేముందు బండిని పైకెత్తించి చూడండి.

ఇక 'వీఏ' నంబరు మోజొకటి! 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికిచ్చే వింటేజ్ నంబరది. తీసుకున్నాక రోజూ తిప్పకూడదు, బాడుగకివ్వకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో మాత్రమే బయటికి తీయాలి. మరి పెళ్లి ఊరేగింపులకు అద్దెకిస్తామంటూ దానికోసం ఎగబడడమేమిటి?

సభ్యులారా, మేమనేది ఒకటే: హెరాల్డ్ నడవడానికి పుట్టింది, నడవనివ్వండి.