ట్రాక్టరుకు సర్వీసింగు, ట్రాలీకి మాత్రం దేవుడే దిక్కా?

ఈ పోస్టు కొంచెం పొడుగుంటాది. బుడ్డల పని అయిపోయింది, మీకూ కాస్త తీరిక ఉంటాదని రాస్తున్నా. సగంలో వదిలేయొద్దండి, మనూరి పిల్లోళ్ళ ప్రాణాల సంగతి ఇది.

ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మీ ట్రాక్టరుకు ఇంజిన్ ఆయిలు ఎప్పుడు మార్చినారో మీకు గుర్తుంటాది. బ్యాటరీ ఎప్పుడు వేసినారో చెప్తారు. మరి ట్రాలీ చక్రాల బేరింగులు ఇప్పి గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయింది? నన్ను ఎవురన్నా ఆరేండ్ల కిందట ఈ మాట అడిగింటే నా దగ్గర జవాబు లేదు. కొన్ననాటి నుంచి ఇప్పలేదు. ట్రాలీకి ఇంజినా, గేరా, ఇనుప డబ్బా అంతేగదా అనుకునేవాణ్ణి.

ఆ డబ్బానే నాకు బుద్ధి చెప్పింది. మాది చాగలమర్రి పక్క పల్లె. ఆ ఏడు కేసీ కాలువ కింద వరిగడ్డి కొని మా మెట్టకు తోలుకుంటా ఉన్నా. మూడో ట్రిప్పుకు సందె దాటింది. ఊరు రెండు కిలోమీటర్లు ఉండగా ఎడమ చక్రం కీచుమని అరిచి, పొగ వాసన వచ్చింది. దిగి చూస్తే బేరింగు అరిగి ముద్దయిపోయింది. చక్రం వంకరగా నిలబడింది. ట్రాలీని ఆడనే రోడ్డు వారకు వదిలి, చక్రాల కింద నాలుగు రాళ్ళు పెట్టి, ట్రాక్టరు తీసుకుని ఇంటికి వచ్చినా. పొద్దున్నే మెకానిక్కును పిలుచుకొస్తాలే అనుకున్నా. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. గడ్డి వేలాడి వెనక తలుపు కూడా కనపడదు. రాత్రి తొమ్మిదిన్నరకు పక్క ఊరి పిల్లోడు, డిగ్రీ చదివే పిల్లోడు, మోటరు సైకిల్ మీద వచ్చి నేరుగా దానికే గుద్దుకున్నాడు. గడ్డి కాబట్టి తలకాయ మిగిలింది. అదే నాపరాళ్ళ లోడు అయ్యింటే? కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. రాడ్డు వేసినారు. ఇప్పటికీ కొంచెం ఎగరేసి నడుస్తాడు.

ఆసుపత్రి కాడ వాళ్ళ నాయన నన్ను తిట్టలేదు. "అన్నా, రాళ్ళు పెట్టడం గుర్తొచ్చింది, ఒక లైటు పెట్టడం గుర్తు రాలేదా?" అన్యాడు. అంతే. తిట్టింటే బాగుండు. తప్పు నాదే, దాంట్లో రెండో మాట లేదు. ఖర్చులో నేను ఇచ్చింది ఇచ్చినా, కానీ ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మన పెద్దోళ్ళు ఎద్దుల బండిని ఇట్ల చూసినారా? మా తాత బండి కింద కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పెట్టేవాడు. పొద్దున బండి కట్టే ముందు కడశీల చూడకుండా కాడి ఎత్తనిచ్చేవాడు కాదు. మూటలు ఎత్తేటప్పుడు ముందు బరువు ఎంత, వెనక బరువు ఎంత అని నొగ పట్టి ఎత్తి చూసేవాడు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ పోతాది, వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు పట్టుకుంటాది. ఎద్దుకు నొప్పి అయితాదని మనకు తెలుసు గాబట్టి చూసినాం. ట్రాక్టరు నొప్పి అని చెప్పదు, అందుకే చూడ్డం మానేసినాం.

మా చిన్నాయన మనవడు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. మొన్న పండక్కి వీడియో కాల్‌లో వాని కొత్త బండి చూపించినాడు. కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు. తెల్లగా కోడిగుడ్డు మాదిరి ఉంది. ఫైబర్ గ్లాసుతో రెండు చిప్పలు పోతపోసి అతికిస్తారంట. ఇట్లాంటివి కెనడాలో విన్నిపెగ్ ఊర్లో 1968లోనే బోలర్ అనే పేరుతో చేసినారంట. లోపల మంచం, పొయ్యి, చిన్న బల్ల. ఖాళీగా టన్ను కూడా తూగదంట. నవ్వొచ్చింది, మన బుడ్డల ట్రాలీ అయిదు టన్నులు మోస్తాది, వీడు మంచానికి చక్రాలు పెట్టుకుని మురిసిపోతున్నాడే అని.

కానీ వాడు చెప్పిన సంగతులు విన్నాక నవ్వు ఆగిపోయింది. టన్ను కూడా లేని ఆ బండికి రెండు గొలుసులు. హుక్కు కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేస్తారు. హుక్కు ఊడినా ముందు కొయ్య నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడతాది. వెనక లైట్లకు కారు నుంచి వైరు. కారుకు బ్రేకు వేస్తే దాని లైటూ వెలగాల, ఇండికేటరూ వెలగాల. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు హుక్కు మీద పడేటట్టు సామాను సర్దాల. వెనక బరువైతే స్పీడులో తోక ఊపినట్టు ఊగి కారునే పక్కకు లాగేస్తాదంట. ఏడాదికొకసారి బేరింగులు ఇప్పి గ్రీజు పెట్టాలంట. టైరు అరగకపోయినా అయిదారేండ్లకు మార్చాలంట, నిలబడి నిలబడి ఎండకు పక్కలు పగుల్తాయని. మా తాత నొగ ఎత్తి చూసిన లెక్కా, టెక్సాస్‌లో వీడు చెప్పే లెక్కా ఒకటే. మధ్యలో మనమే మర్చిపోయినాం.

సరే, మన ట్రాలీ సంగతికి వస్తా. రెండు చక్రాల ట్రాలీ అయితే ముందు బరువంతా ట్రాక్టరు హుక్కు మీదనే పడతాది. నాపరాళ్ళు బేతంచెర్లలోనో బనగానపల్లెలోనో ఎత్తించుకునేటప్పుడు కూలీలు వాళ్ళకు అనువైన చోట పేర్చుకుంటా పోతారు. అంతా ముందుకు పేరిస్తే మిట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. స్టీరింగు తిప్పినా తిరగదు. అంతా వెనక్కు పేరిస్తే హుక్కును పైకి ఎత్తుతాది, ట్రాక్టరు పెద్ద చక్రాలకు పట్టు పోతాది. ఇరుసు కంటే ఇంత ముందుకు బరువు ఉండాలని మనమే దగ్గరుండి పేర్పించుకోవాల. నాలుగు చక్రాలదైతే ఈ బాధ తక్కువ, కానీ రివర్సు తీసేటప్పుడు మన ఓపిక చూస్తాది.

బ్రేకు మాట ఇంకా ముఖ్యం. మన దగ్గర ట్రాలీలకు చానావాటికి బ్రేకే లేదు. ట్రాక్టరు రెండు టన్నులు అటూఇటూ, వెనక లోడు దానికి రెండింతలు మూడింతలు. దిగుడులో ట్రాక్టరు ట్రాలీని లాగడం లేదు, ట్రాలీనే ట్రాక్టరును నెడతా ఉంటాది. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాటు చూసినారు గదా. పాలకోవా కోసం అందరం ఆగే ఊరే. ఆ దిగుడులో ఒకసారి మా బామ్మర్ది ట్రాక్టరు మీద వస్తున్నా, వెనక బుడ్డల మూటలు. డీజిలు మిగుల్తాదని న్యూట్రల్ వేసినాడు. రెండో మలుపుకు బ్రేకు తొక్కితే ఆగలేదు, ట్రాలీ పక్కకు తిరుగుతా ట్రాక్టరును నెట్టుకుంటా పోయింది. కొండ వైపు మట్టికి ఆనించి ఆపినాడు గాబట్టి ఈ పోస్టు రాస్తున్నా. మిగిలే డీజిలు ఎంత? చెంబెడు ఉంటాదా? ఎక్కేటప్పుడు ఏ గేరు పడతాదో దిగేటప్పుడూ అదే గేరు. దిగుడు మొదలు కాకముందే వేసుకోవాల, మధ్యలో మార్చబోతే పడకపోవచ్చు.

ఇంకోటి. ట్రాక్టరుకు కుడి బ్రేకు, ఎడమ బ్రేకు వేరేవేరే పెడల్స్ ఉంటాయి, చేన్లో మలుపు తిప్పుకోవడానికి. ఆ రెండింటినీ కలిపే కొండి ఒకటి ఉంటాది. చేన్లోంచి రోడ్డెక్కేటప్పుడు అది వేయాల. మనలో ఎంతమంది వేస్తున్నారు? స్పీడులో ఒక్క పక్క బ్రేకు పడితే బండి అడ్డం తిరుగుతాది, వెనక లోడు వచ్చి మీద పడతాది. ఖర్చు లేదు, కాసు లేదు, కాలితో తోసే కొండి.

హుక్కు పిన్ను సంగతి చెప్పాలంటే సిగ్గేస్తాది. అసలు పిన్ను పోతే గడ్డపార ముక్క దూర్చి బైండింగు వైరు చుట్టేస్తాం. నేనూ చేసినా. పిన్నుకు కింద లాకు ఉండాల, పైకి ఎగరకుండా. పక్కన గట్టి గొలుసు ఒకటి ట్రాలీకీ ట్రాక్టరుకూ వేసుకోవాల. గొలుసు కిందనే కట్టండి. కొందరు దిగబడిన ట్రాలీని లాగడానికి గొలుసును పైన తగిలిస్తారు, ట్రాక్టరు వెనక్కు తిరగబడేది దాంతోనే.

బేరింగు గురించి నాకు తెలిసింది ఇంతే. చక్రం జాకీతో ఎత్తి, పైనా కిందా చేతులతో పట్టి ఊపండి. లొడలొడమంటే లోపల పని పడింది. ఇప్పి, డీజిల్లో కడిగి, ఆరనిచ్చి, గ్రీజు ఉండల మధ్యకు పోయేటట్టు అరచేత్తో నొక్కి ఎక్కించాల, పైన పూస్తే కాదు. నట్టు బిగించి మళ్ళీ రవ్వంత వదలాల. పాత సీలచీల మళ్ళీ వాడొద్దండి, కొత్తది వేయండి. లోడుతో కొంచెం దూరం పోయినాక దిగి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే ఆడనే ఆపండి. ఆ రోజు నేను రెండో ట్రిప్పులో చెయ్యి పెట్టి చూసింటే ఆ పిల్లోడి కాలు బాగుండు.

టైర్లు లారీకి పనికిరానివి తెచ్చి వేస్తున్నాం, ట్రాలీకి చాలులే అని. మన ఎండకు ఎనిమిది నెలలు నిలబడితే కొత్త టైరే పగుల్తాది, పాతదాని గతి ఏంది? పని లేనప్పుడు ఇరుసు కింద దిమ్మెలు పెట్టి ఎత్తి, చింతచెట్టు నీడలో నిలబెట్టండి. ఎరువు మూటలు, పెంట తోలినాక నీళ్ళు కొట్టి కడగండి. యూరియా, డీఏపీ పొడి తేమకు ఇనుమును తినేస్తాది. డంపింగు ట్రాలీ ఉన్నోళ్ళు తొట్టి పైకెత్తి దాని కింద దూరి పని చేస్తుంటారు, హైడ్రాలిక్ మీద నమ్మకంతో. పైపు పగిలితే రెప్పపాటు పట్టదు. గట్టి ఊతం పెట్టనిది తల పెట్టొద్దు. ఎత్తేముందు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించొద్దు. కూలోళ్ళను, పెండ్లికి పోయేటోళ్ళను, ఉరుకుంద ఈరన్న కాడికి, అహోబిలానికి పోయేటోళ్ళను, ఎవురినీ. "మరి కూలోళ్ళు ఎట్ల వస్తారు? ఆటోకు అడిగినంత ఇయ్యల్లా?" అని మా ఊర్లో నాతో కొట్లాడినారు. వాళ్ళ మాటలో నిజం ఉంది. పత్తి ఏరే రోజుల్లో కూలోళ్ళు దొరకడమే గగనం, వచ్చినోళ్ళను తోలుకొచ్చే బాధ్యత రైతుదే. ఆటోలో పదిహేను మంది కుక్కుకుని వస్తే అదీ గండమే. నేనేం చేస్తున్నానంటే, ఆటో రెండు ట్రిప్పులు తిప్పిస్తున్నా, అరగంట పని పోతాది, పోనీ. చట్టం ప్రకారం ట్రాలీ సరుకుకే. అందులో ఎక్కిన మనిషికి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు రాదు, కోర్టు వేసిన పరిహారం రైతు నెత్తిన పడతాది. ఉన్న నాలుగెకరాలు దానికే పోతాయి. ఇంకో సంగతి, ట్రాక్టరుకు పాలసీ ఉంటే ట్రాలీకి ఉన్నట్టు కాదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, పాలసీలో దాని పేరు వేరేగా ఉండాల. ఈ రోజే కాగితం తీసి చూసుకోండి.

చిన్న రైతుకు సొంత ట్రాలీ అవసరమా అంటే, నా లెక్కన లేదు. మేము ముగ్గురం అన్నదమ్ములం కలిసి ఒకటి పెట్టుకున్నాం. మొదటి ఏడు కొట్లాటలే. టైరు ఎవురి దగ్గర పోయింది, గ్రీజు ఎవురు పెట్టాల అని. తర్వాత ఒక నోటుబుక్కు పెట్టినాం. ఎవురు తీసుకుపోయినా ఎన్ని ట్రిప్పులు, ఏం లోడు, ఏం పాడైంది రాయాల. రాయనోనికి మళ్ళీ ట్రాలీ లేదు. మా చిన్న తమ్ముడు రెండు సార్లు అలిగినాడు, ఇప్పుడు వాడే నీటుగా రాస్తాడు.

ఆ ప్రమాదం తర్వాత ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు అంటించినా. గడ్డి లోడైతే టేపు కనపడదు గాబట్టి ఒక కట్టెకు ఎర్ర టేపు చుట్టి గడ్డి బయటికి వచ్చేటట్టు గుచ్చుతా. సీటు కింద ఎర్ర త్రికోణాలు రెండు, ఒక టార్చిలైటు. చెడిపోతే రాత్రి బండిని ఒంటరిగా వదలను, ఒక మనిషి కాపలా ఉండాల్సిందే.

వచ్చే ఆదివారం పొద్దున మా కళ్ళంలో ట్రాలీ నాలుగు చక్రాలూ ఇప్పుతున్నా. చూసి నేర్చుకోవాలనుకునే చుట్టుపక్కల తమ్ముళ్ళు రండి. జాకీ ఉన్నోళ్ళు ఇంకొకటి తెస్తే పని తొందరగా అయితాది. టీ, ఉగ్గాని మా ఇంట్లో.