హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కొనే ముందు ఒక చిన్న లెక్క



సెలవులకు ఇంటికి వచ్చిన మా మేనల్లుడు, భోజనాలయ్యాక నా ముందు ఒక కాగితం పరిచాడు. దాని మీద రెండు పరికరాల పేర్లు, వాటి ధరలు, వాటి ఎదుట కొన్ని అంకెలు వ్రాసి ఉన్నాయి. ఇంజనీరింగ్ చదువుతూనే అతడు రాత్రివేళల్లో ఇతరుల ఉపన్యాసాల, పాఠాల ధ్వనిముద్రణలను శుభ్రపరచి ఇచ్చే పని చేస్తున్నాడు. నెలకు నాలుగు రూకలు చేతికి వస్తున్నాయి. ఆ సంపాదనతోనే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్‌ను, అందులోనూ 250 ఓంల రకాన్ని, ఒకరి వద్ద వాడినదిగా కొన్నాడు. ఫోనుకు తగిలిస్తే శబ్దం చాలడం లేదట.

"మామూజాన్, ఈ రెండు ఆంప్లిఫయర్లలో ఏది తీసుకోమంటారు? ఒకటి మూడు వేలు, ఇంకొకటి ఆరు వేలు. ఆరు వేలదానికి మూడింతలు బలం ఎక్కువ. ఉన్నదంతా దానికే పెట్టేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

ముప్పై సంవత్సరాలు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన వాణ్ణి గనుక, అంకెలు కనబడితే నా చేయి ఊరకుండదు. ఆ రాత్రి మేమిద్దరం వేసిన లెక్కనే ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను. మీ పిల్లలు కూడా ఏదో ఒకనాడు ఇటువంటి కాగితం మీ ముందు పరచవచ్చు.

మిల్లీవాట్ల మాయ

ఆరు వేల పెట్టె మీద "300 మిల్లీవాట్లు" అని ఉంది. దాని ప్రక్కనే చిన్న అక్షరాలతో "16 ఓంల వద్ద" అని ఉంది. మూడు వేల పెట్టె మీద "100 మిల్లీవాట్లు, 32 ఓంల వద్ద" అని ఉంది. మా వాడు పెద్ద అక్షరాలను మాత్రమే చదివాడు.

హెడ్‌ఫోన్‌కు ఓంలలో చెప్పే నిరోధం ఎక్కువైనకొద్దీ అది తక్కువ విద్యుత్ ప్రవాహాన్ని తీసుకుంటుంది, ఎక్కువ వోల్టేజిని కోరుతుంది. 16 ఓంల చిన్న ఇయర్‌ఫోన్‌కు ప్రవాహం కావాలి. 250 ఓంల హెడ్‌ఫోన్‌కు వోల్టేజి కావాలి. కనుక 16 ఓంల వద్ద చూపిన బలం 250 ఓంల వద్ద అంతే ఉండదు.

సూత్రం పాఠశాలలో చదువుకున్నదే. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. దీనిని తిరగవేస్తే, 16 ఓంల వద్ద 300 మిల్లీవాట్లు ఇవ్వాలంటే సుమారు 2.2 వోల్ట్‌లు కావాలి. 32 ఓంల వద్ద 100 మిల్లీవాట్లకు సుమారు 1.8 వోల్ట్‌లు చాలు. ఆ వోల్టేజీలే 250 ఓంల హెడ్‌ఫోన్‌కు అందితే మొదటి పెట్టె ఇచ్చేది సుమారు 19 మిల్లీవాట్లు, రెండవది ఇచ్చేది సుమారు 13 మిల్లీవాట్లు. చెవికి తెలిసే తేడా రెండు డెసిబెల్‌ల కంటే తక్కువ. మూడింతల బలం అనుకున్నది ఇంతకు దిగింది. రెట్టింపు ధర మాత్రం రెట్టింపుగానే మిగిలింది.

కనుక పెట్టె మీద మిల్లీవాట్లు కనబడితే మొదట "ఎన్ని ఓంల వద్ద?" అని అడగాలి. ఆ ఓంలు మన హెడ్‌ఫోన్ ఓంలకు దగ్గరగా లేకపోతే ఆ అంకెతో నేరుగా పోల్చరాదు.

ఇంతకీ ఎంత కావాలి?

ఈ హెడ్‌ఫోన్‌కు తయారీదారు చెప్పే గ్రాహ్యత 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లు. 250 ఓంల వద్ద 1 మిల్లీవాట్ రావడానికి సరిగ్గా అర వోల్ట్ చాలు. వోల్టేజి రెట్టింపు అయిన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. అంటే అర వోల్ట్‌కు 96, ఒక వోల్ట్‌కు 102, రెండు వోల్ట్‌లకు 108. ఇవి ధ్వని అందుకోగల శిఖరాలు. మాటల, పాటల సగటు స్థాయి ఈ శిఖరాలకు సుమారు 15 నుండి 20 డెసిబెల్‌లు దిగువన ఉంటుంది.

తరువాత ఫోను వైపు చూశాము. అతని ఫోనుకు హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు! 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7 నుండి ఆ రంధ్రాన్ని తొలగించింది. క్రమంగా ఇతర సంస్థలూ అదే బాట పట్టాయి. మా వాడు ఛార్జింగ్ రంధ్రానికి ఒక చిన్న అడాప్టర్ తగిలించి, దానికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటున్నాడు. అతడు ఎంచుకున్న రెండు పెట్టెలూ బ్యాటరీతో నడిచే పాత తరహావి. వాటికి డిజిటల్ సంకేతాన్ని విద్యుత్ తరంగంగా మార్చే డాక్ అనే భాగం లేదు. ఆరు వేలు పోసి కొన్నా, ఆ అడాప్టర్ వెనుకనే వాటిని తగిలించాలి. అడాప్టర్‌లో ఉన్న బుసబుస శబ్దాన్ని కూడా అవి పెద్దది చేసి వినిపిస్తాయి. ఫోను, అడాప్టర్, పెట్టె, రెండు తీగలు జేబులో మోయాలి. ఛార్జింగ్ చేయవలసిన వస్తువు ఇంకొకటి పెరుగుతుంది.

అడాప్టర్ ఎన్ని వోల్ట్‌లు ఇస్తున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. ఫోనులో 50 హెర్ట్జ్ స్వరాన్ని పూర్తి శబ్దంతో మ్రోగించి, హెడ్‌ఫోన్ తీసివేసి, 2 వోల్ట్‌ల ఏసీ శ్రేణి గల మల్టీమీటర్‌తో కొలిచాము. అర వోల్ట్ చూపింది. ఇది వింత కాదు. ఆపిల్ వారి యూఎస్‌బీ-సి అడాప్టర్ సైతం అమెరికాలో అమ్మే రకంలో ఒక వోల్ట్, ఐరోపాలో అమ్మే రకంలో అర వోల్ట్ ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే దాని పూర్తి స్థాయి కూడా రాదు.

అర వోల్ట్ అంటే శిఖరం 96, సగటు సుమారు 76 నుండి 80. నిశ్శబ్దమైన గదిలో మాటలు వినడానికి ఇది తక్కువ కాదు. మరి ఎందుకు చాలడం లేదు? అప్పుడు అతని పని తీరు అడిగాను. అతని వద్దకు వచ్చే ముడి ధ్వనిముద్రణలు భద్రత కోసం తక్కువ స్థాయిలో, సుమారు 12 డెసిబెల్‌లు దిగువన, ముద్రించబడినవి. అంటే అతని చెవికి చేరుతున్నది 65 ప్రాంతం. ఆ 12 డెసిబెల్‌లను భర్తీ చేయాలంటే వోల్టేజి నాలుగింతలు కావాలి. అర వోల్ట్‌కు నాలుగింతలు రెండు వోల్ట్‌లు. అవసరం ఎంతో ఇప్పుడు తేలింది.

చేతిలో ఉన్న నాలుగు దారులు

మొదటిది, పైన చెప్పిన బ్యాటరీ పెట్టె. ఫోనుకు రంధ్రం ఉన్నవారికి, పాత ఐపాడ్ వంటి పరికరం వాడేవారికి ఇది ఇప్పటికీ పనికివస్తుంది. రంధ్రం లేని ఫోనుకు రెట్టింపు ప్రయాస.

రెండవది, రెండు వోల్ట్‌లు ఇవ్వగల యూఎస్‌బీ డాంగిల్. వేలెడంత పొడవు, డాక్, ఆంప్లిఫయర్ రెండూ అందులోనే. వేరే బ్యాటరీ లేదు. ఫోను బ్యాటరీని కొంచెం తాగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా డాంగిళ్ల మీద పెద్దగా ముద్రించే అంకె 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ రంధ్రానిది. మామూలు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం నుండి వచ్చేది సాధారణంగా అందులో సగం వోల్టేజి. డీటీ 770 ప్రోకు తీగ ఊడదీయడానికి వీలు లేదు, దాని కొస 3.5 మిల్లీమీటర్లదే. కనుక ఆ పెద్ద అంకె మా వాడికి ఎందుకూ కొరగాదు.

మూడవది, క్లిప్పుతో చొక్కాకు పెట్టుకునే బ్లూటూత్ ఆంప్లిఫయర్. ఫియో సంస్థ బీటీఆర్ వరుస, క్యూడెలిక్స్ 5కె ఈ కోవలోనివి. క్యూడెలిక్స్‌లో స్వర సవరణకు చక్కని అవకాశం ఉంది. ఫోను దూరంగా పెట్టి వినేవారికి ఇవి అనుకూలం. అయితే బ్లూటూత్‌లో ధ్వని కొద్ది క్షణ భాగం ఆలస్యంగా చేరుతుంది. ధ్వనిని కత్తిరించి అతికించే పనిలో ఉన్నవాడికి అది ఇబ్బంది.

నాలుగవది, స్వయంగా కట్టుకోవడం. చూ మోయ్ అనే ఆయన అందరి కోసం ప్రచురించిన చిన్న సర్క్యూట్‌ను ఔత్సాహికులు పిప్పరమెంటు డబ్బాలో 9 వోల్ట్‌ల బ్యాటరీతో అమర్చుకునేవారు. 2011లో పేరు బయటపెట్టని ఒక ఇంజనీరు ఆబ్జెక్టివ్2 అనే నమూనాను కొలతలతో సహా ప్రకటించాడు. ఇంట్లో సోల్డరింగ్ వచ్చిన పిల్లలు ఉంటే అంతకు మించిన పాఠం లేదు. పని గడువు మెడ మీద ఉన్నవారికి మాత్రం అది దారి కాదు.

చెవిలో పెట్టుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లు వాడేవారు మరొకటి చూడాలి. ఆంప్లిఫయర్ స్వంత నిరోధం ఇయర్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదవ వంతుకు మించరాదన్నది వాడుకలో ఉన్న నియమం. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కు 2 ఓంలు. మించితే స్వరాల పాలు మారవచ్చు. బలమైన ఆంప్లిఫయర్‌కు అటువంటి ఇయర్‌ఫోన్ తగిలిస్తే నిశ్శబ్దంలో బుసబుస కూడా వినబడుతుంది. వారికి అసలు ఆంప్లిఫయరే అవసరం లేకపోవచ్చు.

లెక్కలో లేని ప్రశ్న

రెండు వోల్ట్‌ల డాంగిల్ తీసుకో అని చెప్పి కాగితం మడవబోతుండగా ఒక మాట అడిగాను: "రాత్రి పని ముగించి పడుకుంటే చెవుల్లో ఏమైనా వినిపిస్తుందా, బేటా?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "కీచుమని ఒక శబ్దం, మామూజాన్. తెల్లవారేసరికి పోతుంది. అమ్మీకి చెప్పకండి" అన్నాడు.

నా ఆందోళన అక్కడ మొదలైంది. ఈ హెడ్‌ఫోన్ వచ్చి రెండు నెలలే. అంతకు ముందు మూడేళ్ల పాటు హాస్టల్ రొదలో, ఫ్యాను శబ్దంలో, 32 ఓంల ఇయర్‌ఫోన్లను పూర్తి స్థాయిలో పెట్టుకుని పని చేశాడట. అటువంటివి తక్కువ వోల్టేజికే చాలా పెద్దగా మ్రోగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్‌ల వద్ద 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్‌ల పెంపుకు అనుమతించే సమయం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 90కి చేరేసరికి వారమంతటికీ సుమారు 4 గంటలు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మళ్లీ మొలకెత్తవు.

రెండు వోల్ట్‌ల డాంగిల్ ముడి ధ్వనిముద్రణకు తగినదే. అయితే అదే స్థాయిలో ఉంచి, పూర్తి బలంతో ముద్రించిన పాటనో ఉపన్యాసాన్నో పెడితే శిఖరం 108, సగటు సుమారు 90కి చేరుతుంది. బయటి ఆంప్లిఫయర్ తగిలించాక, ఏ హెడ్‌ఫోన్ ఎంత మ్రోగుతున్నదో ఫోనుకు తెలియదు గనుక దాని హెచ్చరికను నమ్ముకోరాదు. కావున నిశ్శబ్దమైన గదిలో మాటలు స్పష్టంగా వినిపించే స్థాయిని ఒకసారి చూసుకుని, గుర్తుపెట్టుకుని, చుట్టూ రొద పెరిగినా దానిని దాటవద్దని చెప్పాను. ముడి ముద్రణ వదిలి మరేదైనా వినే ముందు శబ్దాన్ని తగ్గించుకోవాలని మాట తీసుకున్నాను.

మరుసటి వారం వినికిడి పరీక్ష చేయించాము. పటంలో గీత అంతటా బాగానే ఉండి, 4000 హెర్ట్జ్ వద్ద కొంచెం క్రిందికి కుంగి, మళ్లీ పైకి లేచింది. పెద్ద శబ్దాలకు లోనైన చెవిలో కనబడే గుర్తు ఇదేనని వైద్యుడు చెప్పారు. రోజువారీ మాటలకు ఇబ్బంది లేదు, ఇకనైనా కాపాడుకోవాలన్నారు. ఈసారి మా చెల్లెలికి అతడే స్వయంగా చెప్పుకున్నాడు.

నానీ కోరిక

ఈ సంభాషణ అంతా మంచం మీద నుండి వింటున్న మా అమ్మీ మనవణ్ణి పిలిచి, "ఆ చిన్న పెట్టె నాకూ ఒకటి తెప్పించరా, ఫజర్ తరువాత ఖిరాఅత్ సరిగా వినబడటం లేదు" అంది. ఈ మధ్య ఆమెకు పాలు అంటే కాలు అని వినబడుతోంది. మేము నవ్వుకుంటూ వచ్చాము. నిజానికి నవ్వవలసిన విషయం కాదు.

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా పై స్వరాలతో మొదలవుతుంది. అచ్చుల బలం చెవికి చేరుతుంది, క, త, ప, స వంటి హల్లుల అంచులు చేరవు. ఆంప్లిఫయర్ అన్నింటినీ ఒకేలా పెంచుతుంది. అచ్చులు చెవులు పగిలేలా వినిపించి, హల్లులు మసకగానే ఉండిపోతాయి. వినికిడి యంత్రం అలా కాదు. పరీక్షలో తేలిన లోపాన్ని బట్టి, ఏ స్వరం ఎంత తగ్గిందో అంత మేరకే పెంచేలా దానిని అమరుస్తారు. కనుక పెద్దల కోసం ఆంప్లిఫయర్ కొనకండి, పరీక్ష చేయించండి. హైదరాబాదులో కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదు వాసి పేరు మీద 1983లో ముంబయిలో స్థాపితమైన సంస్థ అది. అర్హులకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం క్రింద వినికిడి యంత్రం పొందే అవకాశం కూడా ఉంది, అడిగి తెలుసుకోండి.

చివరకు ఆరు వేలలో డాంగిల్‌కు మూడో వంతు కంటే తక్కువే అయింది. అతని పరీక్ష, నానీ పరీక్ష ఆ మిగిలిన డబ్బులోనే జరిగాయి. అమ్మీకి యంత్రం అమర్చే తేదీ వచ్చే నెలలో ఉంది. మేనల్లుడు హాస్టల్‌కు తిరిగి వెళ్లి నిన్న ఫోను చేశాడు. పని సాఫీగా సాగుతోందట. రాత్రి కీచు శబ్దం తగ్గిందా అని అడిగాను. "గంటకోసారి పది నిమిషాలు హెడ్‌ఫోన్ తీసేస్తున్నాను, మామూజాన్. నాలుగు రోజులుగా రాలేదు" అన్నాడు.