శాస్త్రవ్యాసమునకు తీర్పరి యెవరు?

మేడ్చల్ మొదలు శామీర్‌పేట వరకు గల నగరోపాంతమున రెండు ప్రసిద్ధ సంస్థలు కలవు. జీనోమ్ వ్యాలీలో, తుర్కపల్లి యొద్ద, కోవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ కంపెనీ యొకటి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము రెండవది. ఒకచోట ప్రాణరక్షణకు ఔషధములు సిద్ధమగుచున్నవి. రెండవచోట యువజనులు ధర్మశాస్త్రము నభ్యసించుచున్నారు. ఈ రెండు విద్యలకును సంబంధించిన ప్రశ్న యొకటి 2024వ సంవత్సరమున బయలుదేరినది. అచ్చయిన శాస్త్రవ్యాసమున దోషము కలదని తోచినప్పుడు దానిని ఉపసంహరింపవలసినది ఎవరు? ఏ పద్ధతిని ఉపసంహరింపవలెను? టీకా వేయించుకొనిన ప్రతి గృహస్థుడును దీనిని గూర్చి యోచింపవలసి యున్నది.

జరిగిన సంగతి యిది. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు వైద్యులు కొందరు కోవాగ్జిన్ తీసికొనిన 926 మందిని సంవత్సరము గడచిన పిదప విచారించి, వారిలో ఇంచుమించు మూడవవంతు మందికి గమనింపదగిన ఆరోగ్యబాధలు కలిగినవని వ్రాసిరి. ఆ వ్యాసము 2024 మే నెలలో ‘డ్రగ్ సేఫ్టీ’ యను శాస్త్రపత్రికలో వెలువడినది. వెంటనే భారత వైద్య పరిశోధన మండలి దానిని ఆక్షేపించి, వ్యాసమును ఉపసంహరింపవలసినదని రచయితలకును సంపాదకునకును లేఖ వ్రాసెను. టీకా పొందనివారితో పోల్చి చూడలేదనియు, ఆ వ్యాధులు జనసామాన్యమున సహజముగా ఎందరికి వచ్చునో చూపలేదనియు, టెలిఫోనులో అడిగి తెలిసికొనిరే గాని వైద్యపత్రములతో సరిచూడలేదనియు మండలి వాదము. తన యనుమతి లేకయే తనకు కృతజ్ఞతలు తెలిపిరనియు అది అభ్యంతరపడెను.

ఈ యాక్షేపణలు నిస్సారములు కావు. వేయిమందిని ఏడాదిపాటు కనిపెట్టియున్నచో, టీకా వేసినను వేయకున్నను, జలుబులు, చర్మవ్యాధులు, జ్వరములు వచ్చుచునే యుండును. కాకి వాలినది, తాటిపండు రాలినది. కాకి వాలుటచేతనే పండు రాలినదనుట కాకతాళీయము. దానికిని శాస్త్రనిర్ణయమునకును గల భేదము, టీకా పొందనివారితో పోల్చి చూచుటలోనే యున్నది. ఆ పోలిక లేని వ్యాసము నుండి పెద్ద సిద్ధాంతమును తీయరాదు.

ఇంతవరకు మండలి వాదము బలమైనదే. కాని వాదించుచున్నది ఎవరో గూడ చూడవలెను. కోవాగ్జిన్ నిర్మాణమున మండలియే భాగస్వామి. అమ్మకముపై రాయల్టీకి హక్కుదారు. తన వ్యవహారమునకు తానే తీర్పరి కారాదనుట న్యాయశాస్త్రమున మొదటి పాఠము. మండలి తన సంబంధమును ముందుగా చెప్పుకొని, తన యాక్షేపణలను ఆ పత్రికయందే ప్రకటింపజేసి, రచయితల ప్రత్యుత్తరమును కోరియుండిన ఎంతో శోభించియుండెడిది. అప్పుడు చదువరులు ఉభయపక్షములను ఒకేచోట చూచి యుందురు.

ఇక కంపెనీవారు మరియొక త్రోవ త్రొక్కిరి. పదునొకండుగురు రచయితలపైనను పత్రికాసంపాదకునిపైనను హైదరాబాదు న్యాయస్థానమున పరువునష్టపు దావా వేసి, అయిదు కోట్ల రూపాయల నష్టపరిహారమును కోరిరి. ఆ రచయితలలో విద్యార్థులును కలరు. ఆ సంవత్సరముననే పత్రిక వ్యాసమును ఉపసంహరించినది. దావా పడుటచేతనే ఉపసంహరణము జరిగినదని మేమనము. అట్లనుట మరల కాకతాళీయమే యగును. కాని అట్టి యనుమానమునకు తావు కలుగుటయే గొప్ప నష్టము. వ్యాసము నిజముగా దోషభూయిష్ఠమే యైనను, భయముచేత తీసివేసిరని జనులు తలంతురు. టీకాపై విశ్వాసమును నిలుపుటకు చేసిన పని అవిశ్వాసమునకే దారితీయును.

ఈ కంపెనీయే వేరొకప్పుడు మంచిమార్గమును చూపియున్నది. 2021 జనవరిలో, మూడవదశ పరీక్షల ఫలితములు వెలువడకమునుపే, కోవాగ్జినునకు అత్యవసరానుమతి లభించినప్పుడు దేశమున విమర్శలు చెలరేగెను. ఆ ఏటి నవంబరులో ఫలితములు ‘లాన్సెట్’ పత్రికలో అచ్చుపడి, రోగలక్షణములు గల కోవిడును నివారించుటలో టీకా 77.8 శాతము సమర్థమని చూపెను. విమర్శకులకు నాడు లభించిన జవాబు లెక్కలు, దావా కాదు.

దోషయుక్తములగు వ్యాసములను ఉపేక్షింపవలెనని మా యభిప్రాయము కాదు. ఎం.ఎం.ఆర్. టీకాకును ఆటిజమునకును సంబంధము కలదను భ్రమ కల్పించిన వేక్‌ఫీల్డు వ్యాసమును ‘లాన్సెట్’ 1998లో ప్రకటించి 2010లో గాని పూర్తిగా ఉపసంహరింపలేదు. అది పండ్రెండుగురు పిల్లలను గూర్చిన వ్యాసము. దాని ఉపసంహరణమునకు పండ్రెండేండ్లు పట్టినది. ఈలోగా తల్లిదండ్రులు జంకి టీకాలు మానగా, బ్రిటనులో తట్టు మరల తలయెత్తెను. అదే పత్రిక హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను గూర్చి 2020 మే 22న ప్రకటించిన వ్యాసమును, మూలపు లెక్కలను స్వతంత్ర పరీక్షకు చూపలేకపోయిరని జూన్ 4ననే ఉపసంహరించెను. ఆలస్యము విషము, సకారణమగు శీఘ్రత ఔషధము.

ప్రకటన ధర్మములను నిర్ణయించు ‘కోప్’ అను అంతర్జాతీయ సంఘము ఈ విషయమున నియమములు ఏర్పరచియున్నది. ఫలితములు నమ్మదగనివైనను, గ్రంథచౌర్యము జరిగినను, పరిశోధన నీతిబాహ్యమైనను ఉపసంహరణము తగును. కొంతభాగమే తప్పైనచో సవరణ చాలును. విషయము తేలకున్నచో సందేహప్రకటనము చేయవచ్చును. ఉపసంహరించినది ఎవరు, ఎందులకు అను సంగతులు అందరును ఉచితముగా చదువునట్లు ప్రకటింపవలెను. మూలవ్యాసమును రూపుమాపరాదు, దానిపై ఉపసంహృతమను గుర్తు వేయవలెను. ఇది శిక్ష కాదు, చిట్టా దిద్దుట మాత్రమే. శాస్త్రపత్రికలు ఉపసంహరించిన వ్యాసములు 2023వ సంవత్సరమొక్కటియందే పదివేలు దాటెను గనుక, ఈ నియమములు కేవలము పండితచర్చకు సంబంధించినవి కావు.

శాసనము మాట. ఇంగ్లండున 2013 నాటి పరువునష్టపు చట్టము, ఆరవ సెక్షనున, నిపుణులచే పరీక్షింపబడి శాస్త్రపత్రికలో వెలువడిన వ్యాసమునకు దావాల నుండి రక్షణ నిచ్చినది. దురుద్దేశము రుజువైనచో ఆ రక్షణ పోవును. మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనున లోకహితార్థము సద్బుద్ధితో చేసిన ఆరోపణలకు మినహాయింపు కలదు. కాని అది నేరవిచారణకు సంబంధించినది. సివిలు దావాలు పూర్వపు తీర్పుల ననుసరించి నడచుచున్నవి. శాస్త్రవ్యాసములకు ప్రత్యేక రక్షణ నిచ్చు శాసనము లేదు. కోట్ల రూపాయల దావాకు విద్యార్థి యెట్లు ప్రతివాదము చేయగలడు? గెలిచినను అతని చదువు నడుమ చెడును. రేపు వేరొక ఔషధమున నిజముగనే లోపము కనిపించినచో దానిని వ్రాయుటకు ఎవడు సాహసించును?

కావున పార్లమెంటు ఇంగ్లండు చట్టము వంటి రక్షణను మన పరిశోధకులకు కల్పింపవలెను. ప్రభుత్వ సంస్థలు ఏ వ్యాసము నాక్షేపించినను, ఆ వస్తువుతో తమకు గల ధనసంబంధమును మొదటి వాక్యముననే తెలుపవలెను. పత్రికలు ఉభయపక్షముల వాదమును విని, న్యాయాధిపతి తీర్పు వ్రాసినట్లు కారణములను విస్పష్టముగా వ్రాసి మరీ వ్యాసమును ఉపసంహరింపవలెను. పరిశోధకులును పోలిక లేని లెక్కలతో తొందరపడి జనులను కలవరపెట్టరాదు. శామీర్‌పేట టీకాకు ప్రపంచమున పేరు రావలెనని కోరువారిలో మేమును ఉన్నాము. ఆ పేరు విమర్శకు తాళి నిలిచినదని లోకము చెప్పుకొనవలెనే గాని, విమర్శకుల నోరు మూయించి దక్కించుకొనినదని చెప్పుకొనరాదు.